నిండిపోయిన ఇల్లు – నలిగిపోతున్న పిల్లలు

అనేక కుటుంబాలు బయటికి చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతున్న ఒక సమస్యను గూర్చి ఈ దినం మాట్లాడుకుందాం. వయసు మళ్ళిన తల్లి గాని, తండ్రి గాని ఏ వస్తువునూ పారవేయలేక ఇల్లంతా నింపుకుంటూ పోతే, పెద్దవారైన పిల్లలు ఏమి చేయాలి?

మందమర్రి వంటి బొగ్గు గనుల ఊళ్ళలో ఈ సంగతి చాలాకాలం దాగి ఉంటుంది. క్వార్టరు తలుపు మూసి ఉంటే లోపల ఏమున్నదో ఎవరికి తెలుస్తుంది? కానీ రిటైర్మెంటు రాగానే దాగినది బయటపడుతుంది. సింగరేణిలో ఉద్యోగ విరమణ వయస్సు 2021లో 60 నుండి 61 ఏళ్ళకు పెరిగింది. అయినా ఆ దినం వచ్చాక క్వార్టరు ఖాళీ చేసి కంపెనీకి అప్పగించవలసిందే. కొడుకు హైదరాబాదు నుండి, కూతురు అత్తవారింటి నుండి వచ్చి చూస్తే లోపల కాలు పెట్టే చోటు ఉండదు. బియ్యం సంచులు, పాత పేపర్లు, పగిలిన బకెట్లు, అరిగిన డ్యూటీ బూట్లు, చెక్క ముక్కలు, నూనె డబ్బాలు! మంచం మీద కూడా మూటలే. బాపు కుర్చీలోనే కూర్చుని నిద్రపోతున్నాడు. ఒకటి తీయబోతే, "ముట్టకుండ్రి, పనికొస్తది" అని కేక వేస్తాడు.

ఇది పొదుపా? పిసినారితనమా? మొండితనమా? మనం తొందరపడి ఏదో ఒక పేరు పెడతాం. పొదుపరి కూడా డబ్బా దాస్తాడు. కానీ దానిని కడిగి, పప్పు పోసి వాడుకుంటాడు. ఈ బాధ ఉన్నవారి ఇంట్లో వంటగది వంటకు పనికిరాదు, మంచం పడుకోవడానికి పనికిరాదు. పారవేయాలంటే ప్రాణం తీసినట్టు ఉంటుంది. వైద్యులు దీనిని ఒక జబ్బుగా గుర్తించారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీనికి ప్రత్యేకమైన పేరు పెట్టింది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలోనూ ఇది ఉంది. నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉండవచ్చునని పరిశోధకుల అంచనా. తరచుగా యౌవనంలోనే మొదలై వయస్సుతో పాటు ముదురుతుంది. చాలామందిలో దీనితోపాటు మనోవ్యాకులత కూడా ఉంటుంది.

"ఆకలి చూసినవాడు గనుక దాచుకుంటున్నాడు" అని మనం అంటాం. కొంత నిజమే కావచ్చు. కానీ పరిశోధనల్లో పేదరికం కంటే ఆప్తులను పోగొట్టుకోవడం వంటి గాయాలతోనే దీనికి ఎక్కువ సంబంధం కనబడింది. న్యూయార్కులో కోలియర్ అనే అన్నదమ్ములు ఉండేవారు. అన్నకు చూపు పోయింది. చూపు తిరిగి వచ్చినప్పుడు చదువుకుంటాడని తమ్ముడు సంవత్సరాల తరబడి పేపర్లు దాచాడట. 1947లో ఇద్దరూ ఆ ఇంట్లోనే మరణించారు. తమ్ముడు తాను పోగుచేసిన సామాను మీదపడి చనిపోయాడు. ఆ ఇంటి నుండి నూరు టన్నులకు పైగా సామాను తీశారు. చూశారా, ఆ కుప్పలో ప్రేమ కూడా ఉంది! మీ తండ్రి దాచిన బూట్లలో ముప్పై ఏళ్ళ చెమట ఉంది. మీ తల్లి విడువని చీర మూటలో చనిపోయిన బిడ్డ జ్ఞాపకం ఉండవచ్చు.

మరి తల్లిదండ్రులను సన్మానించడమంటే చూస్తూ ఊరకుండడమా? కాదు. నోవహు కుమారులను జ్ఞాపకం చేసుకోండి. ఒకడు తండ్రి స్థితిని చూసి బయట చెప్పాడు. మిగిలిన ఇద్దరు వెనుకకు నడిచి వెళ్ళి, చూడకుండానే ఆయనను కప్పారు. వారు ఊరకుండలేదు, నలుగురిలో పలుచన చేయనూలేదు. మన బాధ్యత కూడా అదే.

అయితే ఏమి చేయాలి?

మొదటిది, ఆయన లేనప్పుడు ట్రాక్టరు పిలిచి అంతా ఊడ్చివేయకండి. ఇల్లు ఒక్క దినంలో శుభ్రమవుతుంది గాని నమ్మకం పోతుంది. కొన్ని నెలల్లో ఇల్లు మళ్ళీ నిండుతుంది.

రెండవది, శుభ్రతతో కాదు, భద్రతతో మొదలుపెట్టండి. గనిలో పనిచేసినవారికి ఈ భాష బాగా తెలుసు. గనికి బయటపడే దారులు రెండు ఉండాలి, గాలి ఆడాలి, పైకప్పు కూలకూడదు. ఇంటికీ అంతే. తలుపు నుండి మంచం వరకు దారి, తెరుచుకునే కిటికీ, తలకంటే ఎత్తు లేని కుప్ప, పొయ్యి దగ్గర కాగితం లేకుండుట. "బాపూ, ఈ తోవ ఒక్కటి తీద్దామా? ఏది ఎటు పెట్టాల్నో నువ్వే చెప్పు" అని అడగండి. నిర్ణయం ఆయన చేతిలో ఉండనివ్వండి. రోజుకు ఒక సంచి చాలు.

మూడవది, కాగితాలు చూడకుండా పారవేయకండి. ప్రావిడెంట్ ఫండు, పెన్షన్, వైద్య కార్డు, బ్యాంకు పుస్తకాలు ఆ కుప్పలోనే ఉండవచ్చు. ముందుగా వాటికి ఒక పెట్టె పెట్టండి. "నీ విలువైనవి పోవు" అని ఆయనకు అర్థమైతే, మిగతావాటి మీద పట్టు కొంత సడలవచ్చు.

నాల్గవది, వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళండి. ఎన్నడూ లేని అలవాటు ముసలితనంలో హఠాత్తుగా మొదలైతే, అది మతిమరుపు జబ్బుకు గుర్తు కావచ్చు. గనుక ఆలస్యం చేయకండి. దీనికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. మాటల ద్వారా, సాధన ద్వారా నెమ్మదిగా మార్పు తెచ్చే చికిత్స ఉంది. దిగులుకు మందులున్నాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. రోగి రాకపోయినా మీరే ఫోను చేసి సలహా అడగవచ్చు.

ఐదవది, బిడ్డలారా, మీ మాట. చిన్నప్పుడు స్నేహితులను ఇంటికి పిలవలేక సిగ్గుపడ్డారు. ఇప్పుడు మీ పిల్లలను తాత ఇంటికి పంపడానికి భయపడుతున్నారు. ఆ కోపం పాపమని నలిగిపోకండి. కోపాన్ని ఆ జబ్బు మీద పెట్టండి, మనిషి మీద కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ముందే కూర్చుని ఒక్క మాట మీదికి రండి. దగ్గర ఉన్న బిడ్డ మీదనే భారమంతా వేయకండి. క్వార్టరు ఖాళీ చేసే తేదీ ముందే తెలుసు గనుక ఏడాది ముందే మొదలుపెట్టండి.

అంతా చేసినా ఇల్లు పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. అయినా మంచం మీద మూటలు దిగి, బాపు కాళ్ళు చాపుకుని ఒక రాత్రి నిద్రపోతే, అది చిన్న సంగతా? ఈ వారం ఆయన దగ్గరకు వెళ్ళండి. ఒక్క వస్తువు చేతికి తీసుకుని, "ఇది ఎక్కడిది బాపూ?" అని అడగండి. పారవేయమని చెప్పకముందు, ఆయన చెప్పేది వినండి.