ఆరోగ్య పరిశోధన: అనుమతి ఎవరిది, నిఘా ఎవరిది

మనుషుల మీద జరిగే ఏ వైద్య పరిశోధనైనా ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్లాకే మొదలవ్వాలి. అది కొత్త మందు పరీక్షే కానక్కర్లేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో దుమ్ము పీల్చే హమాలీల ఆయాసం మీద ఒక వైద్య విద్యార్థి సర్వే చేయాలనుకున్నా ఇదే దారి. ప్రశ్నలే కదా, కమిటీ ఎందుకని విద్యార్థికి అనిపించవచ్చు. సమీక్ష నుంచి మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది కూడా కమిటీయే తేల్చాలి తప్ప పరిశోధకుడు కాదు.

దేశంలో దీనికి తొలి విధాన పత్రాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1980లో తెచ్చింది. దాన్ని రూపొందించిన కమిటీకి జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అధ్యక్షులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ గ్రామాల్లో వంకర కాళ్ల యువకులను పరీక్షించింది అంతకు ముందే, 1970లలో. అప్పటికి ఇలాంటి పత్రమే లేదు. 2000లో వివరమైన మార్గదర్శకాలు వచ్చాయి. 2006లో, 2017లో వాటిని సవరించారు. అయితే మార్గదర్శకం వేరు, చట్టం వేరు.

ఆ తేడా ఏమిటో కోదాడకు పొరుగునే ఉన్న ఖమ్మం జిల్లాలో బయటపడింది. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి ఖమ్మంలోనూ గుజరాత్‌లోని వడోదరలోనూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు చేపట్టింది. 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు సూదులు వేశారు. ఇందులో గిరిజన హాస్టళ్ల పిల్లలూ ఉన్నారు. విమర్శలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. సమ్మతి పత్రాల సంగతి మాత్రం వేరు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదిక ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. వార్డెన్ అన్నం పెట్టవచ్చు, చదివించవచ్చు. తల్లిదండ్రుల బదులు సమ్మతి ఇవ్వడం ఆ కొలువులో భాగం కాదు. ఈ లోపాన్ని పట్టుకోవలసిన సమీక్ష అప్పుడు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న.

ఈలోగా 2011లో మరో ఉదంతం వెలుగులోకి వచ్చింది. మిర్యాలగూడ నుంచి గుంటూరు వైపు రైలెక్కితే వచ్చే పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌కు తీసుకెళ్లి వారి మీద క్యాన్సర్ మందు పరీక్షించారు.

ఈ ఉదంతాల తర్వాత, 2013 ఫిబ్రవరి నుంచి మందుల ట్రయల్స్‌ను సమీక్షించే కమిటీలు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదు కావడం తప్పనిసరి అయింది. 2019 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు మందులతో సంబంధం లేని పరిశోధననూ లెక్కలోకి తెచ్చాయి. అలాంటి పరిశోధనను సమీక్షించే కమిటీలు కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదు కావాలి. మొదట తాత్కాలిక నమోదు ఇస్తారు, పరిశీలించాక ఐదేళ్లకు ఇస్తారు. నియమం తప్పితే రద్దు కూడా చేస్తారు. ఒకే ఆసుపత్రి రెండు రకాల పరిశోధనా చేస్తే రెండు గుమ్మాలూ ఎక్కాల్సిందే. ఇది కాస్త అయోమయంగానే ఉంటుంది.

ట్రయల్స్‌ను చూసే కమిటీలో కనీసం ఏడుగురుండాలి. వారిలో సగం మందైనా ఆ సంస్థకు చెందనివారే కావాలి, అధ్యక్షుడు బయటివాడే. న్యాయం తెలిసినవారు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి తప్పనిసరి. డాక్టర్ల మాటలు తనకు అర్థం కాలేదని ఆ చివరి సభ్యుడు అంటే, సమ్మతి పత్రం తిరగరాయక తప్పదు. అతను అక్కడ కూర్చునేది అందుకే.

సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కోదాడ, మిర్యాలగూడల్లో ఎక్కువగా ఉన్నవి ప్రైవేటు ఆసుపత్రులు. సొంత కమిటీ లేని ఆసుపత్రిలో ట్రయల్ జరగాలంటే అనుమతిచ్చే కమిటీ అదే ఊళ్లోనైనా, 50 కిలోమీటర్ల పరిధిలోనైనా ఉండాలి. కాబట్టి ఈ రెండు పట్టణాలకూ హైదరాబాద్ కమిటీ సంతకం చెల్లదు. సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం వైపే చూడాలి. ఒకసారి అనుమతిచ్చాక అక్కడ జరిగేదానికి ఆ కమిటీయే జవాబుదారీ. ట్రయల్‌లో ఎవరికైనా ప్రాణాపాయం కలిగినా, మరణం సంభవించినా ఆ కబురు 24 గంటల్లో కమిటీకి చేరాలి. 30 రోజుల్లో అది తన అభిప్రాయాన్ని, నష్టపరిహారం లెక్కతో సహా, ఔషధ నియంత్రణ సంస్థకు పంపాలి.

ట్రయల్‌లో చేరే మనిషికి సమాచార పత్రం అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. చదవడం రాకపోతే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట వినిపించాలి. సంతకం చేసిన పత్రం నకలు ఇంటికి తీసుకెళ్లడం ఆ మనిషి హక్కు. ఇవ్వకపోతే అడిగి తీసుకోవచ్చు.