వ్రతానికి బావి దగ్గర పరీక్ష: కోచ్‌రబ్ ఆశ్రమం చెప్పే పాఠం

మహాత్మా గాంధీ 1915 మే 25న అహ్మదాబాద్ శివారులోని కోచ్‌రబ్‌లో, ఒక అద్దె బంగళాలో సత్యాగ్రహ ఆశ్రమాన్ని నెలకొల్పారు. దక్షిణాఫ్రికా నుంచి ఆయన వెంట వచ్చిన తమిళ యువకులతో కలిపి సుమారు 25 మంది స్త్రీ పురుషులు ఒకే వంటశాలలో భుజిస్తూ ఒకే కుటుంబంగా జీవించసాగారు. సత్యం, అహింస, బ్రహ్మచర్యం, అస్తేయం, అపరిగ్రహం మన సాధనామార్గాలకు కొత్తవి కావు. వాటి సరసన అస్పృశ్యతా నివారణను కూడా వ్రతంగా నిలపడమే ఆశ్రమ నియమావళిలోని విశేషం. సాటి మనిషిని అంటరానివాడిగా చూస్తూ చేసే ప్రార్థన ప్రార్థనే కాదన్నది దాని సారాంశం.

కొన్ని నెలలకే పరీక్ష ఎదురైంది. అమృత్‌లాల్ ఠక్కర్ సిఫారసుతో దళిత ఉపాధ్యాయుడు దూదాభాయి, భార్య దానీబెన్, పసిబిడ్డ లక్ష్మితో కలిసి ఆశ్రమవాసులయ్యారు. బంగళా యజమానితో ఉమ్మడిగా వాడుకునే బావి వద్దే గొడవ మొదలైంది. ఆశ్రమవాసుల బొక్కెన నీటి చుక్కలు తనపై పడితే మైల సోకుతుందని నీళ్లు తోడే వ్యక్తి దూషించేవాడు. తిట్లు భరించి నీళ్లు తోడుకోవాలని గాంధీజీ తన వారికి సూచించారు. దాతల విరాళాలు ఆగిపోయాయి. ఖజానా ఖాళీ అయితే దళితవాడకు తరలిపోవడానికి ఆయన సిద్ధపడ్డారు. అంతలో ఒక ఉదయం మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి కారులో వచ్చి రూ. 13,000 అందజేసి వెళ్లారు.

డబ్బు చిక్కు తీరినా, ఇంటిలోపలి చిక్కు అంత సులువుగా తీరలేదు. దానీబెన్ పట్ల కస్తూర్బా సహా మహిళల్లో ఉదాసీనత కనిపించిందని గాంధీజీ ఆత్మకథలో దాచకుండా రాశారు. చిన్నపాటి అవమానాలను దిగమింగాలని దూదాభాయిని ఆయన కోరారు. దూదాభాయి అంగీకరించడమే కాక, భార్యనూ ఒప్పించారు. ఆశ్రమ చరిత్రలో తరచూ మరుగున పడే అంశమిదే. వ్రతం పట్టింది అందరూ. ఇతరుల మనసులు మారేవరకు ఓర్చుకునే భారం మాత్రం ఆ దంపతులపైనే అధికంగా పడింది.

ప్లేగు వ్యాపించడంతో 1917లో ఆశ్రమం సబర్మతీ తీరానికి మారింది. దగ్గరలోనే జైలు ఉండటం సత్యాగ్రహులకు అనుకూలమేనని గాంధీజీ భావించారు! పాకీపని, నేత, ప్రార్థన అక్కడ ఒకే దినచర్యలో భాగాలు. 1930 మార్చి 12న దండికి ఆయన వెంట నడిచిన 78 మంది ఈ దినచర్యలో తర్ఫీదు పొందినవారే.

ఈ నమూనా తెలుగునేలకూ చేరింది. నెల్లూరు సమీపాన పల్లిపాడులో పెన్నా ఒడ్డున దిగుమర్తి హనుమంతరావు ప్రభృతులు స్థాపించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. సబర్మతీ ఆశ్రమాన్ని 1933లో ఆయనే రద్దు చేసి, ఆ స్థలాన్ని హరిజన సేవక సంఘానికి అప్పగించారు.