అయిదు కిలోమీటర్ల తేడా!

మామునూరు నుంచి శంషాబాద్‌కు గాల్లో దూరమెంత? పాలకుర్తి నుంచి తిరుపతికి విమానంలో వెళ్లాలంటే ఎంతసేపు పడుతుంది? మొదటి ప్రశ్న ఓరుగల్లు విమానాశ్రయాన్ని కట్టిపడేసింది. రెండోది ఆ చుట్టుపక్కల జనం ఆశ.

వరంగల్ శివార్లలోని మామునూరులో నిజాం జమానాలోనే విమానాలు దిగేవి. 1930లో కట్టిన ఆ విమానాశ్రయంలో 1981 వరకూ రాకపోకలు సాగాయి. ఆ తర్వాత రన్‌వే మూగబోయింది. మళ్లీ తెరుద్దామంటే ఓ నిబంధన అడ్డొచ్చింది. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో ఒప్పందం కుదిరినప్పుడు, దానికి 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లపాటు కొత్త విమానాశ్రయం కట్టకూడదనీ, ఉన్నదాన్ని పెంచకూడదనీ రాసుకున్నారు. మ్యాపులో గీత గీసి కొలిస్తే మామునూరు దూరం సుమారు 145 కిలోమీటర్లు. అంటే, అయిదు కిలోమీటర్లు తక్కువన్నమాట! చివరికి శంషాబాద్ నిర్వాహకులు సరేననడంతో 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది.

లెక్క వేరు... ప్రయాణం వేరు

చిన్న ఊళ్ల మధ్య తిరిగే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. ఆ లెక్కన మామునూరు నుంచి శంషాబాద్‌కు 18 నిమిషాలు చాలాలి. కానీ విమానం రన్‌వే దాకా మెల్లగా నడవాలి, పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించుకోవాలి, వరుసలో తన వంతు కోసం ఆగాలి. దగ్గరి ఊరైనా, దూరపు ఊరైనా ఈ తతంగం తప్పదు. కాబట్టి 18 కాస్తా 40 నిమిషాలు దాటుతుంది. దానికి గంటకు పైగా ముందే వెళ్లి తనిఖీలు చేయించుకోవడం అదనం. ఆ మాత్రం దానికి కారే నయం!

దూరం పెరిగేకొద్దీ విమానానిదే పైచేయి. తిరుపతి మామునూరుకు దాదాపు నిట్టనిలువుగా దక్షిణాన ఉంది. గాల్లో సుమారు 475 కిలోమీటర్లు. అన్నీ కలుపుకున్నా గంటంపావు. విశాఖ 385 కిలోమీటర్లు, గంటకు కాస్త అటూ ఇటూ. రైల్లో అయితే గంటల తరబడి కూర్చోవాల్సిందే.

సోమనాథుడి ఊరికి ఏం లాభం?

పాల్కురికి సోమనాథుడు పుట్టిన పాలకుర్తి, పోతన ఊరు బమ్మెర 2016 నుంచి జనగామ జిల్లాలో ఉన్నాయి. అక్కడివాళ్లు ఇప్పుడు విమానమెక్కాలంటే హైదరాబాద్ నగరాన్ని చుట్టి శంషాబాద్ చేరాలి. దారిలోనే మూడు గంటలు పోతాయి. మామునూరుకైతే గంట, గంటంపావు. తిరుపతి వెళ్లే కుటుంబానికి మిగిలేది గాల్లోని సమయం కాదు, నేల మీది సమయం!

అయితే రన్‌వే ఒక్కటే సరిపోదు. ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు కావాలని తేల్చి, 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం రూ.205 కోట్లు మంజూరు చేసింది. అదంతా చుట్టుపక్కల రైతుల బతుకుదెరువు. వాళ్లకు దక్కే పరిహారంతో అంతే సారమున్న నేల మరోచోట దొరకాలి కదా!

టికెట్ ధర మరో చిక్కు. గంట ప్రయాణానికి కొన్ని సీట్లను సుమారు రూ.2,500కే ఇవ్వాలనే ‘ఉడాన్’ పథకం కింద 2017 ఏప్రిల్‌లో కడప-హైదరాబాద్ విమానం మొదలైంది. ఇలాంటి రూట్లలో సీట్లు నిండితేనే సర్వీసు నిలబడుతుంది. దూరాన్ని కొలిచేది కిలోమీటర్లే కావచ్చు... విమానం రోజూ రావాలో వద్దో తేల్చేది మాత్రం ఎక్కే జనమే!