ఆటలో ఉండగా ల్యాప్‌టాప్ ఎందుకు ఆరిపోతుంది?

మే నెల మధ్యాహ్నం. అన్నయ్య పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కారు పందెం ఆట ఆడుతున్నాడు. లోపలి ఫ్యాను గుయ్యిమని మోగుతోంది. ఇంకొక్క మలుపు తిరిగితే గెలుపే! ఇంతలో టక్కున తెర నల్లబడింది. కాసేపాగి మళ్లీ వేస్తే బాగానే పనిచేసింది. ఇరవై నిమిషాలకు మళ్లీ అదే వరస. "పాడైపోయింది, కొత్తది కొనాల్సిందే" అన్నాడు అన్నయ్య. ఆట పోతే పోయింది. చెల్లెలు రెండు రోజులు కూర్చుని రాసిన సైన్సు ప్రాజెక్టు కూడా అందులోనే ఉంది!

నిజంగా పాడైందా? తొందరపడకండి. డాక్టరు మందు రాసే ముందు రోగిని ప్రశ్నలు అడుగుతాడు గదా! మనమూ అలాగే అడుగుదాం.

ఆగింది ఏది?

ఆట ఒక్కటే మూతపడి మిగతావన్నీ పనిచేస్తుంటే, లోపం చాలావరకు ఆట ఫైళ్లలోనో, బొమ్మలు గీసే చిప్పును నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాములోనో ఉంటుంది. తెరంతా ఒకే రంగు పరుచుకుని ఏదో సంకేతపదం కనిపిస్తే, కంప్యూటరు ప్రమాదాన్ని పసిగట్టి ఆగిందన్నమాట. ఆ పదం రాసిపెట్టుకోండి. డ్రైవరో, ర్యామ్ చిప్పులో కారణం కావచ్చు. ఏ సందేశమూ లేకుండా దీపం ఆర్పినట్టు ఆరిపోతే, మొదట వేడిని, తరువాత విద్యుత్తును అనుమానించాలి. అన్నయ్య ల్యాప్‌టాప్‌ది ఈ మూడో రకం.

ఇలా ఆగినప్పుడు విండోస్ తన చిట్టాలో 41 అనే సంఖ్య రాసుకుంటుంది. "సరిగ్గా మూయకుండానే ఆగింది" అని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. అది మనమే కనిపెట్టాలి.

ఇంత వేడి ఎక్కడిది?

ఆటల ల్యాప్‌టాప్‌లో లెక్కలు చేసే చిప్పు ఒకటి, బొమ్మలు గీసేది మరొకటి. జోరుగా ఆడేటప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ రెండూ కలిసి 100 వాట్లకు మించి విద్యుత్తును తీసుకుంటాయి. అదంతా చివరకు వేడిగా మారుతుంది. వెలుగుతున్న పాతకాలపు 60 వాట్ల బల్బునే చేత్తో ముట్టుకోలేం. అంతకన్నా ఎక్కువ వేడి ఇక్కడ తపాలా బిళ్లలంతేసి చిప్పుల్లో పుడుతోంది!

ఆ వేడిని మోసుకుపోయేవి రాగి గొట్టాలు. గొట్టంలో గాలి తీసేసి, కొద్దిగా నీరు ఉంచి మూసేస్తారు. లోపల పీడనం తక్కువ గనుక నీరు 100 డిగ్రీలకు చాలా ముందే మరిగి ఆవిరవుతుంది. ఆవిరి చల్లని కొసకు పోయి, ఫ్యాను గాలికి వేడిని వదిలి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకున్న సన్నని రంధ్రాల పొరలో పాకుతూ వెనక్కి వస్తుంది. దీపపు వత్తిలో నూనె పాకినట్టే!

గాలిదారిలో దుమ్ము పేరుకున్నా, అడుగు రంధ్రాలను పరుపు మూసేసినా వేడి బయటికి పోలేదు. పైగా మన ఎండాకాలంలో గదిలోనే 40 డిగ్రీలు! చిప్పు తన వేడిని తానే కొలుచుకుంటూ ఉంటుంది. 100 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా అది ముందు తన వేగం తగ్గించుకుంటుంది. ఆట నత్తనడక నడుస్తుంది. అప్పటికీ వేడి పెరుగుతూ ఉంటే, కాలిపోకుండా ఆరిపోతుంది. అంటే ఈ ఆరిపోవడం రోగం కాదు, రక్షణ!

ఒకసారికి ఒక్క మార్పే

ముందుగా ప్రాజెక్టును పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. తరువాత నోటుపుస్తకం తెరవండి. ఎంతసేపటికి ఆరింది, చార్జరు ఉందా లేదా, ఉష్ణోగ్రత చూపే ప్రోగ్రాము ఎన్ని డిగ్రీలు చూపింది, అన్నీ రాయండి.

ల్యాప్‌టాప్‌ను గట్టి బల్లమీద, వెనక అంచు కొద్దిగా ఎత్తి పెట్టి అదే ఆట ఆడండి. మరోసారి, ల్యాప్‌టాప్ ఆపి, చార్జరు తీసి, పెద్దల సాయంతో దుమ్ము దులిపి ఆడండి. ఇంకోసారి, సెకనుకు గీసే బొమ్మల సంఖ్యను ఆట సెట్టింగులలో 60కి తగ్గించి ఆడండి. అన్నీ ఒకేసారి మారిస్తే బాగుపడిందని తెలుస్తుంది గాని, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

70 డిగ్రీలు కూడా దాటకుండానే ఆరిపోతుంటే చార్జరును, బ్యాటరీని అనుమానించండి. అడుగు భాగం ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. నొక్కవద్దు, గుచ్చవద్దు. వెంటనే వాడకం మానేసి మెకానిక్కుకు చూపించండి. మంటలు రేగే ప్రమాదముంది.

1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో మార్క్ 2 కంప్యూటరు మొరాయించింది. వెతికితే ఒక రిలేలో చిమ్మట దొరికింది! దాన్ని పారేయకుండా, చిట్టా పుస్తకంలో అంటించి, వేళతో సహా రాసిపెట్టారు. ఆ పుటను ఇప్పటికీ భద్రపరిచారు.

మరి అన్నయ్య సంగతి? బల్లమీద పెట్టాక గంటసేపు ఆడినా ల్యాప్‌టాప్ ఆరలేదు. దుమ్ము దులిపాక ఫ్యాను మోత కూడా తగ్గింది. కొత్తది కొనే ఖర్చు తప్పింది. నోటుపుస్తకం మాత్రం చెల్లెలే దాచుకుంది. ఆమె తరువాతి ప్రాజెక్టు అదేనట!