మీకు తెలుసా? గ్రీకు లిపిలో దాగిన బల్గేరియా పాటలు

బల్గేరియా జానపద విజ్ఞానానికి పునాదిగా నిలిచిన ‘బల్గేరియా ప్రజల పాటలు’ అనే సంకలనం 1861లో వెలువడేనాటికి బల్గేరియా ఒట్టోమన్ పాలనలోనే ఉండగా, ఆ పుస్తకం అచ్చయింది క్రొయేషియాలోని జాగ్రెబ్ నగరంలో. దానిని కూర్చిన దిమితర్, కొన్‌స్తాంతిన్ మిలాదినొవ్ సోదరులు గ్రీకు చదువు చదివినవారు కావడం వల్ల తాము విన్న స్లావ్ పాటలను గ్రీకు అక్షరాలతోనే రాసుకున్నారు. అచ్చు ఖర్చు భరించిన కాథలిక్ బిషప్ స్ట్రాస్‌మయర్ కోరిక మేరకు వాటిని సిరిలిక్ లిపిలోకి, అంటే స్లావ్ ఆర్థడాక్స్ లోకపు సొంత లిపిలోకి మార్చారు. ఆరు వందలకు పైగా పాటలను కాపాడిన ఆ సోదరులిద్దరూ 1862లో ఇస్తాంబుల్ చెరసాలలో మరణించడం ఆ గ్రంథచరిత్రలోని విషాదం. వారి స్వస్థలం స్త్రుగా నేడు ఉత్తర మాసిడోనియాలో ఉన్నందున ఆ వారసత్వం ఎవరిదన్న వాదం ఇంకా చల్లారలేదు.

బల్గేరియాకు 1878లో స్వయంపాలన దక్కిన పదకొండేళ్లకు, 1889లో, విద్యా మంత్రిత్వ శాఖే ఒక బృహత్ సంకలన పరంపరను ఆరంభించింది. దాని పేరులోని ‘ఉమొత్వొరెనియా’ అనే మాటకు ‘మనసు సృష్టించినవి’ అని అర్థం. ‘జానపద సాహిత్యం’ అనే మన మాట కంటే అది విశాలమైనదనే చెప్పాలి. సంపాదకుడు ఇవాన్ షిష్మానొవ్ తొలి సంపుటంలోనే జాతివర్ణన శాస్త్రపు కర్తవ్యాలను వివరిస్తూ సుదీర్ఘ వ్యాసం రాయగా, పల్లెల్లోని బడిపంతుళ్లు పాటలనూ కథలనూ సేకరించి పంపారు.