ఇరుకు పెరటికి పచ్చని దడి: మెట్ట ప్రాంతంలో మొక్కల ఎంపిక

శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడ వంటి ఊళ్లలో ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గోడకు, ఇంటికి మధ్య మిగిలేది తరచుగా ఒక మీటరు జాగా మాత్రమే. స్త్రీలు గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది అక్కడే. ఆ చోటికి మరుగు కావాలి. ఒకప్పుడు కంపతో, తాటాకులతో దడి కట్టేవారు. ఇప్పుడు సన్నగా, నిటారుగా పెరిగే చెట్టు కావాలని అడుగుతున్నారు.

అందరికీ మొదట తోచేది అశోకం పేరుతో నర్సరీలలో అమ్మే నరమామిడి. దీని కొమ్మలు కాండాన్ని అంటిపెట్టుకొని కిందికి వాలుతాయి కనుక తక్కువ చోటు చాలు. అయితే ఇది తేమను కోరే చెట్టు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఎర్ర నేలల లోతు తక్కువ. వేసవిలో తడి అందకపోతే ఆకుల కొనలు మాడి, కింది కొమ్మలు రాలిపోతాయి. మరుగు కావలసిన ఎత్తులోనే ఖాళీ ఏర్పడుతుంది. త్వరగా పెరిగే అవిశ కూడా సన్నని చెట్టే. కాని దాని కర్ర మెత్తన, ఆయుష్షు తక్కువ.

మనిషి చూపును ఆపడానికి రెండు మీటర్ల ఎత్తు చాలు. సన్నదనాన్ని కత్తెరతో తీసుకురావచ్చు. కరవును తట్టుకొనే గుణాన్ని కత్తెర ఇవ్వలేదు. ఎంపికకు ఇదే మూలసూత్రం.

తగిన మొక్కలు

బందారు (డోడోనియా విస్కోసా): రాయలసీమ గుట్టల మీద సహజంగా పెరిగే సతతహరిత పొద. మేకలు సాధారణంగా ముట్టవు. విత్తనాన్ని వేడినీటిలో నానబెట్టి విత్తితే మొలక బాగా వస్తుంది. 45 సెం.మీ. ఎడంలో నాటాలి.

గోరింట: రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతంలో వర్షాధార పంటగా సాగవుతున్న మొక్క. కొమ్మలతో సులభంగా నాటుకుంటుంది, ఎంత కత్తిరించినా చిగురిస్తుంది. 30 సెం.మీ. ఎడం చాలు.

నాటడం, కత్తిరింపు

తొలకరి వానలు కుదిరిన తరువాత ఒకే వరుసలో, గోడకు కనీసం 45 సెం.మీ. దూరంలో నాటాలి. మొక్క 30 సెం.మీ. ఎత్తుకు రాగానే తల తుంచితే మొదలు నుంచే కొమ్మలు వస్తాయి. దడిని కింద కొంచెం వెడల్పుగా, పైన సన్నగా కత్తిరించాలి. అప్పుడే కింది ఆకులకు ఎండ తగులుతుంది.

నీటి లెక్క

మొదటి రెండు వేసవులు తడి తప్పనిసరి. 40 చదరపు మీటర్ల మిద్దెపై 550 మి.మీ. వాన పడితే లెక్క ప్రకారం 22,000 లీటర్లు. ఆ నీటిని దడి వెంట తవ్విన కందకంలోకి మళ్లించి, పైన వేరుశనగ పొట్టు పరచాలి. గిన్నెలు కడిగిన నీటిని సబ్బు తక్కువగా ఉన్నప్పుడు మొదళ్లకు పోయవచ్చు.

విస్తరణ సిబ్బంది మొక్క పేరు చెప్పే ముందు ఆ ఇంటికి వేసవిలో నీరు ఎక్కడి నుంచి వస్తుందో, దానిని ఎవరు మోస్తారో అడగాలి. మరుగు కోసం నాటిన చెట్టు, ఆ మరుగు కోరిన ఇల్లాలికే మరో రెండు బిందెల బరువు కారాదు.