హుక్కు ఎక్కడ తగిలించాలి?

ఎనిమిదో అంతస్తు అంచున సెంట్రింగ్ ఊడదీస్తున్న కుర్రాడి ఒంటికి సేఫ్టీ బెల్టు ఉంది. దాని తాడు కాళ్లకు అడ్డం పడకుండా భుజం మీద వేసుకున్నాడు. సూపర్‌వైజర్ కేకేస్తే హుక్కు తగిలిస్తాడు, ఆయన అటు తిరగ్గానే తీసేస్తాడు. నిర్లక్ష్యమనేస్తాం. ఒక్కసారి అతని చుట్టూ చూడండి. లైఫ్‌లైన్ లేదు. హుక్కు తగిలిద్దామంటే అక్కడున్నవి అతను ఊడదీయాల్సిన పైపులే!

ఎత్తు ఎక్కిన మొదటి రోజు ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. వారం గడిచినా ఏమీ కాకపోతే భయం పోతుంది. ఏమీ జరగని ప్రతి రోజూ ‘ఇలా చేసినా ఫర్వాలేదు’ అని నేర్పుతుంది. ‘ఇన్నేళ్లుగా చేస్తున్నా, ఏమైంది?’ అంటాడు మేస్త్రీ. ఆయన అబద్ధమాడట్లేదు. అందుకే ఆ మాటకు అంత బలం. కొత్తగా వచ్చినవాడు బెల్టు బిగించుకుంటే ‘భయమేస్తోందారా?’ అని నవ్వుతారు. మర్నాటికి వాడూ మానేస్తాడు.

పైగా పని గుత్తకు. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వచ్చిన ముఠాకు చదరపు అడుగుల లెక్కన డబ్బులు. హుక్కు తీసి తగిలించే ప్రతి నిమిషం కూలీకే నష్టం. ప్లాస్టరింగ్ పరంజా మీద మూడో పలక వేయాలంటే కిందికి దిగి మోసుకురావాలి, కాబట్టి రెండింటి మీదే నిలబడతారు. లిఫ్టు గుంతకు అడ్డంగా పెట్టిన ప్లైవుడ్‌ను సాయంత్రానికి ఎవరో షట్టరింగ్‌కు పట్టుకుపోతారు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. తీసినవాడికి ఏమీ కాదు. రాత్రి లైటు లేని ఆ అంతస్తులో నడిచే ఇంకొకరు పడతారు.

అలవాటును పోస్టర్లు మాన్పించలేవు. అంచుకు గట్టి రెయిలింగ్, పాదాల దగ్గర అడ్డుపలక, కింద నెట్, గుంతకు ఎవరూ ఊడదీయలేని గ్రిల్ ఉంటే కూలీ జాగ్రత్త మీదే అంతా వదిలేయక్కర్లేదు. బెల్టు ఆ తర్వాతి మాట. బెల్టు ఆపినా, వేలాడుతున్న మనిషిని వెంటనే దించకపోతే రక్తప్రసరణ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. దించేదెవరో, ఎలాగో పని మొదలెట్టకముందే తేల్చుకోవాలి. ముందుగా మేస్త్రీయే తన హుక్కు తగిలించాలి. త్రుటిలో తప్పిన ప్రమాదం గురించి చెప్పినవాణ్ని తిట్టకూడదు.

500 మంది పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలంది 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తే యజమాని దృష్టికి తెచ్చే హక్కునూ కార్మికుడికి ఇచ్చింది. మంచిదే. మన వీధిలో లేస్తున్న అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మాత్రం పనిచేసేది ఇరవై ముప్పై మందే. పొద్దున అడ్డా మీంచి తీసుకొచ్చిన మేస్త్రీతో ‘రెయిలింగ్ లేదు, ఎక్కను’ అన్న కూలీని రేపు పనికి పిలిచేదెవరు?

ఇల్లు కట్టించుకుంటున్నారా? రేటు మాట్లాడేటప్పుడే రెయిలింగ్‌కూ నెట్‌కూ లైఫ్‌లైన్‌కూ విడిగా డబ్బు రాయండి. అవి కట్టాకే పైకి ఎక్కమనండి. వాటిని కట్టడానికి పట్టే కూలీ కూడా మీరే ఇవ్వండి.